తెమడలో దొరకని క్షయ

2019 నుంచి 2021 దాకా మన దేశంలో క్షయ మీద పెద్ద సర్వే జరిగింది. 1955–58 తర్వాత దేశమంతటా జరిగిన మొదటి సర్వే అది. పదిహేనేళ్లు నిండినవాళ్లను లక్షణాలు అడిగి, ఛాతీ ఎక్స్‌రే తీసి, అనుమానం ఉన్నవాళ్ల తెమడ పరీక్షించారు. లక్షకు 316 మందికి ఊపిరితిత్తుల క్షయ ఉందని తేలింది. ఎంతో అవసరమైన పని. అయితే వెన్నులో మాత్రమే క్షయ ఉన్న మనిషి ఆ శిబిరానికి వచ్చి ఉంటే, దగ్గు లేదు, ఊపిరితిత్తులు బాగున్నాయి కాబట్టి ఆ లెక్కలో చేరడు. సర్వే పెట్టుకున్న హద్దే అది.

మరి ఎముకల క్షయ ఎంతమందికి ఉంది? మొత్తం క్షయ కేసుల్లో 1 నుంచి 3 శాతం అని వైద్య పుస్తకాలు చెబుతాయి. అందులో దాదాపు సగం వెన్నుపూసలకే వస్తుంది. ఆ తర్వాత తుంటి, మోకాలు. 2023లో భారతదేశంలో సుమారు 28 లక్షల మందికి కొత్తగా క్షయ వచ్చిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ శాతాన్ని దీనికి కట్టి చూస్తే ఏడాదికి 28 వేల నుంచి 84 వేల మంది అవుతారు. ఒకదానికి ఇంకొకటి మూడు రెట్లు. ఇంత తేడా వచ్చే చోట మనం చేస్తున్నది అంచనాయే, లెక్క కాదు.

లెక్క ఎందుకు కుదరదో తెలియాలంటే జబ్బు నడకను చూడాలి. క్రిమి ముందు ఊపిరి ద్వారానే లోపలికి పోతుంది. అక్కణ్నుంచి రక్తంలో కలిసి, రక్తం బాగా అందే వెన్నుపూసల అంచుల్లో చేరుతుంది. అక్కడ నెలలు, ఒక్కోసారి ఏళ్ల తరబడి ఉండి, మెల్లగా రెండు పూసలనూ వాటి నడుమ డిస్కునూ తినేస్తుంది. క్రిముల సంఖ్య తక్కువ, తెమడలో ఆనవాలు ఉండదు. చీము గడ్డ కట్టినా ఎర్రబడదు, వేడెక్కదు. నడుములో పుట్టిన చీము కండరం వెంట జారి గజ్జల్లో వాపుగా తేలితే గిలక (హెర్నియా) అనుకునేవాళ్లూ ఉన్నారు.

ఈలోగా రోగి చెప్పేది ఒక్కటే: నడుము నొప్పి. పొలం పని చేసేవాళ్లకూ బరువులు మోసేవాళ్లకూ అది లేనిదెప్పుడు? ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్, మెడికల్ షాపులో మాత్రలు, ఆ తర్వాత బెల్టు. పడుకున్నా తగ్గని నొప్పి, సాయంత్రమయ్యే సరికి జ్వరం, తిండి సయించక చిక్కిపోవడం. ఈ మూడూ కలిపి అడిగేవాళ్లు దొరికే సరికి నెలలు గడిచిపోతాయి. పిల్లల్లో పాతకాలపు డాక్టర్లు చేసే పరీక్ష ఒకటుంది. నేల మీద రూపాయి బిళ్ల వేసి తీయమంటారు. వెన్నులో జబ్బున్న పిల్లవాడు నడుము వంచడు. వీపు నిటారుగా ఉంచి, మోకాళ్ల మీద కూర్చుంటూ దిగి, ఒక చెయ్యి తొడకు ఆనించుకుని బిళ్ల తీస్తాడు. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు, ఏ పీహెచ్‌సీలోనైనా చేయొచ్చు.

ఇక లెక్కల సంగతి. ఊపిరితిత్తులకూ ఎముకకూ రెండింటికీ క్షయ ఉన్న మనిషిని ఊపిరితిత్తుల కేసుగానే రాసుకోవాలన్నది నియమం. కాబట్టి అక్కడ కొందరు జారిపోతారు. మిగిలినవాళ్లు లింఫ్ గ్రంథులు, పొట్ట, మెదడు పొరల క్షయతో పాటు ‘ఊపిరితిత్తుల వెలుపలి క్షయ’ అనే ఒకే మూటలో చేరతారు. ఎమ్మారై తీసి, సూదితో ముక్క తీసి పరీక్షించే సౌకర్యం పెద్ద ఊళ్లలోనే ఎక్కువ. శ్రీకాకుళం మనిషి విశాఖ వెళ్తాడు, చిత్తూరు మనిషి వేలూరు వెళ్తాడు. అందుకే ఒక పెద్దాసుపత్రి పదేళ్ల రికార్డులు చూసి ఆ ప్రాంతంలో జబ్బు ఇంత అని చెప్పడం కుదరదు. ఆ రికార్డులు చెప్పేది అంత దూరం రాగలిగినవాళ్ల సంగతి. ఒక జిల్లాలో ఎముకల క్షయ కేసులు మరీ తక్కువ కనిపిస్తే నాకు సంతోషం కలగదు. అక్కడ ఎవరైనా వెతుకుతున్నారా అన్న అనుమానం వస్తుంది.

ఈ ఆలస్యం బాధాకరం ఎందుకంటే జబ్బుకు మందుంది. మంచానికి కట్టేయకుండా, ఆపరేషన్ లేకుండా, మందులతోనే చాలామందికి నయమవుతుందని 1970లలో మద్రాసులో మొదలైన ట్రయల్ చూపించింది. ఇప్పుడు మన దేశంలో ఎముకల క్షయకు కనీసం 12 నెలలు మందులిస్తారు. కాళ్లు తిమ్మిరెక్కుతున్న దశలో పట్టుకుంటే మళ్లీ నడిచేవాళ్లు ఎక్కువ. పూసలు కూలి గూని వచ్చాక మందు క్రిమిని చంపుతుంది కానీ ఆ వంకర అలాగే మిగిలిపోతుంది.

2012 నుంచి ప్రతి క్షయ కేసునూ ప్రభుత్వానికి తెలపడం తప్పనిసరి. జిల్లా నివేదికల్లో ఎముకల క్షయకు విడిగా ఒక గడి ఇచ్చి, దాని పక్కన ఇంకో రెండు కలపాలి: నొప్పి మొదలైన ఎన్నాళ్లకు జబ్బు తేలింది, తేలిన రోజున మనిషి తన కాళ్ల మీద నడిచి వచ్చాడా, మోసుకొచ్చారా.