పది రూపాయలకు ఏం కొనాలి?

సాయంత్రం బడి వదిలారు. ఆకలి దంచేస్తోంది. మీతోబాటు మూడో తరగతి చదివే తమ్ముడో చెల్లెలో వున్నారు. మీ చేతిలో పది రూపాయల బిళ్ళ ఒకటి వుంది. ఎదురుగా దుకాణం. దాని ముందు తోరణాల్లా వేలాడుతున్న రంగురంగుల ప్యాకెట్లు. చిన్నవాళ్ళు దేనివైపు వేలు చూపిస్తారో మీకు తెలుసు. కాని కొనేది మీరు. ఏం కొంటారు?

ఏడు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లలకు రోజుకు సుమారు 1,700 కిలోకాలరీల శక్తి, 23 గ్రాముల మాంసకృత్తులు కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో లెక్క కట్టింది. వాళ్ళ పొట్ట చిన్నది. ఒక్కసారిగా ఎక్కువ తినలేరు. కనుక మధ్యలో తినే చిరుతిండి కూడా వాళ్ళ భోజనంలో భాగమే. అది ఉత్త ఉప్పూ నూనే అయితే, రాత్రి అన్నం కంచం ముందు మూతి ముడుచుకు కూర్చుంటారు. తిట్లు మాత్రం మీకు పడతాయి!

ఇప్పుడు చిన్న లెక్క చేద్దాం. చిప్స్ ప్యాకెట్ ఎంత ఉబ్బివుందో చూడకండి. అందులో సగానికి పైగా నత్రజని వాయువే వుంటుంది. మోసం చేయడానికే నింపారనుకోకండి. ఆక్సిజన్ తగిలితే నూనె పాడై ముక్కవాసన వేస్తుంది, నత్రజని అలా జరగకుండా ఆపుతుంది. చిప్స్ నలిగిపోకుండా కూడా కాపాడుతుంది. మీరు చూడవలసింది ‘నికర బరువు’ అన్న చోట వేసిన అంకె. అది 25 గ్రాములనుకోండి. పది రూపాయలకు 25 గ్రాములంటే కిలో ఎంత పడింది? నాలుగు వందల రూపాయలు! బంగాళాదుంపలు కిలో ఎంతో మీ అమ్మగారిని అడగండి.

అదే దుకాణంలో డబ్బాలో పుట్నాలు వుంటాయి. వేయించిన సెనగపప్పు అని కూడా అంటారు. కిలో 150 రూపాయలనుకుందాం. పది రూపాయలకు 66 గ్రాములు వస్తాయి. నూరు గ్రాముల పుట్నాల్లో సుమారు 22 గ్రాముల మాంసకృత్తులు వుంటాయి కనుక మీ పొట్లంలో వున్నవి 14 గ్రాములు. ఇది చిన్నవాళ్ళకు రోజుకు కావలసిన దానిలో సగం కంటె ఎక్కువ. చిప్స్ ప్యాకెట్లో? రెండు గ్రాములు కూడా వుండవు. దాని బరువులో మూడోవంతు నూనె. నమ్మకం లేకపోతే తెల్ల కాగితం మీద నాలుగు చిప్స్, పక్కన నాలుగు పుట్నాలు వేసి గ్లాసు అడుగుతో నలపండి. పది నిమిషాలాగి పొడి దులిపేసి, కాగితాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి.

ప్యాకెట్టే కొనవలసి వస్తే ముందువైపు చదవకండి. అది కొనిపించడానికి రాసింది. వెనక్కి తిప్పండి. అక్కడ పదార్థాల పేర్లు బరువును బట్టి, ఎక్కువ నుంచి తక్కువకు వరసగా వుంటాయి. ముందు ‘బహుధాన్యాల బిస్కెట్లు’ అని వుండి, వెనక మొదటి పేరు మైదా, రెండోది చక్కెర అయితే సంగతి తెలిసిపోయినట్టే. గ్లూకోజు బిస్కెట్లను బలమైన ఆహారమనుకునేవాళ్ళు చాలామంది. వాటి బరువులో దాదాపు నాలుగోవంతు చక్కెరే. సోడియం ఎన్ని మిల్లీగ్రాములో చూసి రెండున్నరతో హెచ్చవేస్తే ఉప్పు ఎంతో వస్తుంది. 800 అని వుంటే రెండు గ్రాముల ఉప్పు. పెద్దవాళ్ళకే రోజు మొత్తానికి అయిదు గ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

మరి వేరుసెనగ పట్టీ మాటేమిటి? మంచిదే. మాంసకృత్తులూ వున్నాయి, శక్తీ వుంది. కాని అందులో దాదాపు సగం బెల్లం. బెల్లం పాకం పళ్ళ సందుల్లో అతుక్కుంటుంది. నోటిలోని బాక్టీరియాలు ఆ తీపిని ఆమ్లంగా మార్చి పంటి పింగాణీని కరిగిస్తాయి. పట్టీ తిన్నాక నీళ్ళతో బాగా పుక్కిలించమని చెప్పండి.

వేరుసెనగలో ఇంకో చిక్కు వుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చనిపోయాయి. కారణం వెతికితే అవి తిన్న వేరుసెనగ పిండిలో తేలింది. తడితగిలిన గింజల మీద పెరిగే ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు ఒక విషాన్ని తయారుచేస్తుంది. అదే అఫ్లటాక్సిన్. వేయించినా అది పూర్తిగా పోదు. అందుకే ముక్కిపోయిన, చేదెక్కిన, రంగుమారిన గింజను ఉమ్మేయాలి. మొహమాటపడి మింగకూడదు.

2016-18లో దేశమంతటా జరిపిన పోషకాహార సర్వేలో అయిదు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లల్లో ఇంచుమించు నలుగురిలో ఒకరికి రక్తహీనత వున్నట్టు తేలింది. పాలిపోయి, పాఠం వింటూనే తూగే పిల్లలు ప్రతి బడిలోనూ వుంటారు. రక్తానికి ఇనుము కావాలి. పుట్నాల్లో ఇనుము వుంది. కాని అది ఫెర్రిక్ రూపంలో వుంటుంది. పేగులు దాన్ని సులువుగా పీల్చుకోలేవు. విటమిన్ సి తోడయితే ఫెర్రస్ రూపంలోకి మారి రక్తంలోకి చేరుతుంది. ఆ విటమిన్ జామకాయలో వున్నంతగా కమలాపండులో కూడా లేదు. నూరు గ్రాముల జామకాయలో సుమారు 200 మిల్లీగ్రాములు, అంటే కమలాపండుకు నాలుగైదు రెట్లు. గుప్పెడు పుట్నాలు, కడిగిన జామకాయ ఒకటి: నా ఓటు ఈ జంటకే. వెంటనే టీ మాత్రం తాగనివ్వకండి. అందులోని టానిన్లు ఇనుమును పట్టేసుకుంటాయి.

గాఢమైన గులాబీరంగు పీచుమిఠాయి కోసం మారాం చేస్తారు. బట్టలకు వేసే రోడమిన్-బి అనే రంగు దానిలో దొరికినందువల్లనే 2024 ఫిబ్రవరిలో పుదుచ్చేరి, తమిళనాడు ప్రభుత్వాలు దాని అమ్మకాన్ని నిషేధించాయి. నాలుక మీదనుంచి రంగు ఎంతసేపటికీ పోకపోతే, అలాంటిది మళ్ళీ కొనకండి.

ప్యాకెట్ మీద 14 అంకెల లైసెన్సు సంఖ్య, ఎప్పటిలోగా తినాలో ఆ తేదీ తప్పకుండా వుండాలి. కొవ్వు, ఉప్పు, చక్కెర మరీ ఎక్కువైన తినుబండారాలను బడి ఆవరణలోనూ, గేటుకు 50 మీటర్ల లోపునా పిల్లలకు అమ్మకూడదని 2020లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. మీ బడి గేటు నుంచి అడుగులు లెక్కపెట్టి చూడండి, ఏం కనిపిస్తుందో!

పుట్నాల పొట్లం పాత వార్తాపత్రికలో కట్టించుకోకండి. అచ్చు సిరా తిండికి అంటుకుంటుంది. ఇంటినుంచి చిన్న డబ్బా తీసుకువెళ్ళండి. ఇంట్లో నాలుగేళ్ళ లోపు పసివాళ్ళుంటే వాళ్ళకు గింజలు గింజలుగా పెట్టవద్దు; పొరబోయి ఊపిరిగొట్టంలో ఇరుక్కోవచ్చు. పొడికొట్టి, కాస్త అరటిపండులో కలిపి పెట్టండి.