ఇంజను నూనె ఎప్పుడు మార్చవలెను?

డీసెలు లేనిదే ఇంజను కదలదు. అందుచేత డీసెలు పోయుట ఎవరును మరువరు. నూనె పాడైనను ఇంజను కొంతకాలము నడచుచునే యుండును. అందుచేతనే నూనె మార్చుట పలువురు మరచుచున్నారు. తుదకు ఇంజను బిగిసినప్పుడు గాని ఆ సంగతి జ్ఞాపకమునకు రాదు.

2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటెను. ఉద్దానములో కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకూలెను. కరెంటు స్తంభములు పడిపోయెను. అప్పుడు ఒక రైతు కొట్టములో ఏండ్ల తరబడి మూలపడియున్న పంపు ఇంజనును బయటకు తీసి, డీసెలు పోసి నడిపెను. రెండవ నాడే అది బిగిసిపోయెను. "నూనె నిండుగానే ఉన్నది గదా బాబూ!" అని అతడు నన్ను అడిగెను. నూనె నిండుగా ఉన్న మాట నిజమే. కాని అది పాతనూనె. కొలబద్ద నూనె ఎంత ఉన్నదో చెప్పును గాని, ఎట్లున్నదో చెప్పదు.

నూనె చేయు పని

నూనె రాపిడి తగ్గించును; వేడిని గ్రహించును; పిస్టను, సిలిండరుల నడుమ సందును మూయును; మసిని, ఇనుప రజనును తనలో కలుపుకొని లోపలి భాగములను శుభ్రముగా నుంచును. ఇట్లు కలుపుకొనుటకు ఒక హద్దు కలదు. అది దాటినచో మసి మడ్డిగా పేరుకొని నూనె దారులను మూసివేయును. డీసెలు మండగా ఏర్పడు ఆమ్లములును, తేమయు బేరింగులను తినివేయును. నిలువ ఉంచిన ఇంజనులోని పాతనూనె కూడ ఈ కీడు చేయును. సముద్రపు తేమగాలి వీచు మన తీరమున దీనిని మరింత గమనింపవలెను.

ఎన్ని గంటలకు?

నేటి కార్లలో పెక్కింటికి 10,000 కిలోమీటర్లు లేక ఒక సంవత్సరము, ఏది ముందైన అది గడువు. పంపు ఇంజను, ట్రాక్టరు ఒకేచోట నిలిచి కూడ పనిచేయును గనుక వానికి గంటల లెక్కయే సరియైనది. ఇంజనుతో వచ్చిన పుస్తకములోని గడువే ప్రమాణము. పుస్తకము దొరకనిచో ఈ క్రింది గడువు మించనీయకుండుట క్షేమము:

1. కొత్త ఇంజను, లేక రిపేరు చేసి కొత్త రింగులు వేసిన ఇంజను: మొదటి 50 గంటలకు.
2. చిన్న పంపు ఇంజను: 100 గంటలకు.
3. ట్రాక్టరు: 250 గంటలకు.
4. ఎంత తక్కువ నడిచినను: సంవత్సరమునకు ఒకసారి.

ట్రాక్టరుకు గంటల మీటరు ఉండును. పంపునకు మీటరు లేనిచో డీసెలు లెక్క ఉంచుకొనుడు. 5 అశ్వశక్తుల ఇంజను నిండు బరువుమీద గంటకు సుమారు లీటరు త్రాగును. కనుక 100 లీటర్లు పోసినప్పుడు నూనె మార్చు వేళ వచ్చినదని తెలిసికొనవచ్చును. దినమునకు 4 గంటలు నడుపువారికి ఇది 25 దినములు.

ఉద్దానపు ఇసుక నేలలలో దుమ్ము ఎక్కువ. ఇసుకరేణువు ఇనుముకంటె గట్టిది. సిలిండరును ఆకురాయివలె అరగదీయును. ఇట్టిచోట్ల గడువును సగమునకు తగ్గించుట మంచిది. గాలి ఫిల్టరును తరచు శుభ్రము చేయవలెను. టెక్కలి ప్రాంతమున దమ్ము పనికి పోవు ట్రాక్టర్లకు పని మొదలు పెట్టకముందే నూనె మార్చుకొనవలెను.

రంగు చూచి మోసపోరాదు

డీసెలు ఇంజనులో కొత్తనూనె సైతము త్వరలోనే నల్లబడును. అంతమాత్రమున చెడినదని కాదు. కాని పాలవలె తెల్లబడినచో నీరు చేరినదనియు, పలుచబడి డీసెలు వాసన వచ్చినచో డీసెలు కారుచున్నదనియు గ్రహించి మెకానిక్కునకు చూపవలెను. తీసిన నూనెలో లోహపు తళుకు కనిపించినను అంతే.

మార్చు విధము

ఇంజనును పది నిమిషములు నడిపి ఆపుడు. నూనె వెచ్చగా ఉన్నప్పుడు అడుగు బోల్టు విప్పినచో మడ్డితో సహా దిగును. బొట్టు ఆగువరకు వేచి, ఫిల్టరు మార్చి, బోల్టు బిగించి, పుస్తకములో చెప్పిన గ్రేడు నూనెను కొలబద్ద రెండు గీతల నడుమకు పోయుడు. పై గీత దాటనీయరాదు. ఐదు నిమిషములు నడిపి, కారుట లేదని చూచి, ఆపిన కొంతసేపటికి మరల కొలువుడు. తేదీ గోడమీద వ్రాసికొనుడు.

పాతనూనె

పాతనూనెను నేలమీద గాని, బావి గట్టున గాని పారబోయరాదు. ఇసుక నేలలో అది త్వరగా ఇంకును. ఒక లీటరు పది లక్షల లీటర్ల నీటిని చెరుపగలదని అంచనా. మూత్రపిండముల వ్యాధితో ఇప్పటికే కలతపడియున్న ఉద్దానములో బావినీటిని కాపాడుకొనుట అందరి విధి. పశువుల పుండ్లకు ఈ నూనె పూయుట కూడ హానికరము. 2016 నాటి ప్రమాదకర వ్యర్థముల నిబంధనల ప్రకారము పాతనూనె అనుమతి పొందిన శుద్ధి కేంద్రములకే చేరవలెను. గ్రామాధికారులు ఊరికొక పీపా ఏర్పాటు చేసి, నిండినప్పుడు పంపించినచో ఎంతో మేలు చేసినవారగుదురు.

తుపాను తరువాత నాటిన కొబ్బరిమొక్కకు వేసవిలో నీరు తప్పరాదు. ఆ నీరు ఇంజనుమీద, ఇంజను నూనెమీద ఆధారపడియున్నవి. కనుక రైతులు నేడే తమ ఇంజనులోని నూనె ఎన్నాళ్ళదో చూచుకొందురు గాక!