ఏజ్ ఆఫ్ ఎంపైర్స్: నాలుగు ఆటలు, రెండో ఆటకు దక్కిన దీర్ఘాయువు

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ అనేది చరిత్ర ఇతివృత్తంగా సాగే కంప్యూటర్ స్ట్రాటజీ గేమ్‌ల వరుస. మొదటి ఆట 1997 అక్టోబరులో, నాలుగోది 2021 అక్టోబరులో వచ్చాయి. సంఖ్య వేసుకున్న ప్రధాన ఆటలు నాలుగే. వాటికి తోడుగా వచ్చిన ఎక్స్‌పాన్షన్లు మాత్రం అంతకు ఎన్నో రెట్లు. ఎక్స్‌పాన్షన్ అంటే ముందే కొనుక్కున్న ఆటకు కొత్త నాగరికతలను, కొత్త యుద్ధగాథలను, కొన్నిసార్లు కొత్త నియమాలను కూడా చేర్చే అదనపు భాగం. ఈ వరుసలో ఏ ఆట నిలిచింది, ఏది వెనకబడింది అన్నది తేల్చినవి చాలావరకు ఈ అదనపు భాగాలే.

ఆట తీరు నాలుగింటిలోనూ దాదాపు ఒకటే. కొద్దిమంది గ్రామస్థులతో, ఒక టౌన్ సెంటర్‌తో ఆట మొదలవుతుంది. వాళ్ల చేత ఆహారం, కలప, బంగారం, రాయి సేకరింపజేయాలి, ఇళ్లు, సైనిక శిబిరాలు కట్టించాలి, ఒక యుగం నుంచి మరో యుగానికి ఎదగాలి, చివరకు శత్రువును ఓడించాలి. చదరంగంలో లాగా ఇక్కడ వంతులు ఉండవు. ఇరుపక్షాలూ ఒకేసారి కదులుతాయి కనుక ఆలోచనతో పాటు చేతివేగమూ కావాలి. గెలుపోటములు ఎక్కువగా యుద్ధభూమిలో కాక పొలాల్లోనే తేలిపోతాయి. ఊరికే నిలబడిపోయిన గ్రామస్థులు ఎవరికి తక్కువో వాళ్ల సైన్యం ముందుగా తయారవుతుంది.

మొదటి ఆటను తయారుచేసింది అమెరికాలోని డాలస్‌కు చెందిన ఎన్‌సెంబుల్ స్టూడియోస్, మార్కెట్లోకి తెచ్చింది మైక్రోసాఫ్ట్. ఈ బృందంలోని బ్రూస్ షెల్లీ అంతకుముందు సిడ్ మైయర్‌తో కలిసి 1991 నాటి సివిలైజేషన్ అనే ఆట రూపకల్పనలో పనిచేశారు. చరిత్రను ఆటగా మలచడం అక్కడ నేర్చిన విద్య. దానికి వార్‌క్రాఫ్ట్ వంటి ఆటల్లోని వేగం తోడైంది. ఈజిప్టు, గ్రీసు, పర్షియా సహా 12 ప్రాచీన నాగరికతలతో, రాతియుగం నుంచి ఇనుప యుగం దాకా ఆట సాగేది. పూజారి చేతులెత్తి 'వొలొలో' అంటూ శత్రు సైనికుణ్ణి తన పక్షానికి తిప్పుకోవడం ఈనాటికీ ఈ వరుసకు గుర్తుగా మిగిలింది. లోపాలూ చాలానే ఉండేవి. సైనికులు దారి తప్పి చెట్ల మధ్య ఇరుక్కునేవారు, ఒక్కో పక్షానికి జనాభా 50 దాటేది కాదు, సైనికులను ఒకరి తర్వాత ఒకరిని విడివిడిగా ఆదేశించి తయారుచేయాల్సి వచ్చేది. 1998లో వచ్చిన రైజ్ ఆఫ్ రోమ్ ఎక్స్‌పాన్షన్ రోమన్లతో కలిపి నాలుగు కొత్త నాగరికతలను తెచ్చింది. అంతకన్నా పెద్ద మేలు మరొకటి చేసింది: సైనికులను వరసలో పెట్టి ఒకేసారి ఆదేశించే వీలు కల్పించింది.

1999లో వచ్చిన రెండో ఆట ఏజ్ ఆఫ్ కింగ్స్ ఈ వరుసకే తలమానికం. కాలం మధ్యయుగానికి మారింది. చీకటి యుగంతో మొదలై ఫ్యూడల్, కాజిల్, ఇంపీరియల్ యుగాల మీదుగా ఆట సాగుతుంది. 13 నాగరికతలకూ చాలావరకు ఉమ్మడి సైన్యమే ఉన్నా, ప్రతిదానికీ ఒక ప్రత్యేక యోధుడు, కొన్ని సొంత వెసులుబాట్లు ఉంటాయి. ఒక నాగరికతతో ఆడటం నేర్చినవారు మిగతావాటినీ త్వరగా పట్టుకోగలరు, కానీ ఏ రెంటినీ ఒకేలా ఆడలేరు. ఈ సమతూకాన్ని తర్వాతి ఆటలేవీ ఇంత చక్కగా సాధించలేదు. గ్రామస్థులను టౌన్ సెంటర్ లోపల దాచే గంట, పనిలేకుండా ఉన్న గ్రామస్థుణ్ణి వెతికిపెట్టే బటన్, కోటగోడలకు తలుపులు, సైన్యం బారులు తీరి నడవడం వంటివన్నీ ఇందులోనే మొదలయ్యాయి. ఒక్కో జాతి యోధులూ తమ భాషలోనే బదులు పలకడం ఆటకు ప్రాణం పోసింది.

మరుసటి ఏడాది, 2000లో, ది కాంకరర్స్ వచ్చింది. ఎక్స్‌పాన్షన్ ఎలా ఉండాలో తెలుసుకోవడానికి దీన్ని మించిన నమూనా లేదు. ఇందులోని అయిదు కొత్త నాగరికతలు ఆజ్టెక్, మాయా, హూణ, స్పానిష్, కొరియన్. ఆజ్టెక్, మాయా జాతులకు గుర్రాలే లేవు, వాటి బదులు వేగంగా పరుగెత్తే ఈగల్ యోధులు ఉంటారు. హూణులకు ఇళ్లు కట్టే అవసరమే లేదు. అంటే కొత్త జాతులు బొమ్మలు మార్చుకుని వచ్చినవి కావు, అప్పటిదాకా అందరూ పాటించిన నియమాలను ఒక్కోచోట తప్పించి ఆటను కొత్తగా ఆలోచింపజేసినవి. దీనికి సమానమైన మేలు పొలం దగ్గర జరిగింది. అంతకుముందు పంట అయిపోయిన ప్రతిసారీ పొలాన్ని చేత్తో మళ్లీ వేయాల్సి వచ్చేది. కాంకరర్స్‌లో ముందుగానే కలప చెల్లించి పెట్టుకుంటే పొలాలు వాటంతటవే మళ్లీ నాటుకుంటాయి. చూడటానికి చిన్న సవరణే అయినా ఆటగాడి దృష్టిని పొలం గట్టు నుంచి యుద్ధరంగానికి మళ్లించింది ఇదే.

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 3 2005లో వచ్చింది. ఐరోపా దేశాలు అమెరికా ఖండాలను ఆక్రమించిన కాలం దాని నేపథ్యం. ఫిరంగి గుండు తగిలి గోడలు ముక్కలై ఎగిరిపడే దృశ్యాలు ఆ రోజుల్లో అబ్బురపరిచాయి. స్వదేశంలోని 'హోమ్ సిటీ' నుంచి కార్డుల రూపంలో సరుకులు, సైన్యం తెప్పించుకోవడం కొత్త ఆలోచన. రాయి అనే వనరును తీసేశారు, సేకరించినది గిడ్డంగికి మోసుకెళ్లే పనీ లేదు. దాంతో ఆట తేలికైంది గానీ, వనరులకు దగ్గరలో గిడ్డంగి ఎక్కడ కట్టాలి, దాన్ని ఎలా కాపాడుకోవాలి అన్న ఆలోచనలోని రుచి పోయింది. రెండో ఆట అభిమానులను ఇది పూర్తిగా తనవైపు తిప్పుకోలేకపోవడానికి ముఖ్య కారణం ఇదే. 2006 నాటి ది వార్‌చీఫ్స్ అమెరికా మూలవాసులకు, 2007 నాటి ది ఏషియన్ డైనాస్టీస్ చైనా, జపాన్, భారత్‌లకు చోటిచ్చాయి. రెండోదాన్ని తయారుచేసింది బిగ్ హ్యూజ్ గేమ్స్ అనే వేరే సంస్థ. అందులో 1857 తిరుగుబాటు నేపథ్యంగా ఒక యుద్ధగాథ ఉంది. భారతీయులకు గ్రామస్థులు ఆహారానికి బదులు కలప ఖర్చుతో తయారవుతారు.

2009లో మైక్రోసాఫ్ట్ ఎన్‌సెంబుల్ స్టూడియోస్‌ను మూసేసింది. 2011లో ఇంటర్నెట్ మీద ఆడే ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ ఆన్‌లైన్ వచ్చినా మూడేళ్లకే ఆగిపోయింది. ఈ వరుస కథ అక్కడితో ముగిసి ఉండేదే. నిలబెట్టింది అభిమానులు. రెండో ఆటకు కొందరు సొంతంగా ఫర్‌గాటెన్ ఎంపైర్స్ పేరిట కొత్త నాగరికతలు తయారుచేసి ఉచితంగా పంచారు. 2013లో మైక్రోసాఫ్ట్ రెండో ఆటను హెచ్‌డీ రూపంలో మళ్లీ విడుదల చేసినప్పుడు, అదే ఏడాది వాళ్ల పని ది ఫర్‌గాటెన్ పేరుతో అధికారిక ఎక్స్‌పాన్షన్ అయింది. భారతీయులు రెండో ఆటలోకి అడుగుపెట్టింది అందులోనే. తర్వాత ఆఫ్రికన్ కింగ్‌డమ్స్, రైజ్ ఆఫ్ ది రాజాస్ వచ్చాయి. 2019 నవంబరులో వచ్చిన డెఫినిటివ్ ఎడిషన్ వీటన్నిటినీ కలుపుకుని 35 నాగరికతలతో మొదలైంది. తరువాతి విడుదలలతో 2025 మే నాటికి వాటి సంఖ్య 50కి చేరింది.

తెలుగు పాఠకులకు వీటిలో అన్నిటికన్నా దగ్గరిది 2022 ఏప్రిల్‌లో వచ్చిన డైనాస్టీస్ ఆఫ్ ఇండియా. అంతకుముందు కాశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా మొత్తం ఉపఖండం 'ఇండియన్స్' అన్న ఒక్క పేరు కింద, ఒంటె దళాలే ప్రధాన బలంగా ఉండేది. ఐరోపాలో ఒక్కో రాజ్యానికి ఒక్కో నాగరికత ఇచ్చిన ఆటలో ఇది పెద్ద అన్యాయమే. ఈ ఎక్స్‌పాన్షన్ దాన్ని హిందుస్థానీ, గూర్జర, బెంగాలీ, ద్రావిడ అనే నాలుగుగా విడదీసింది. పాత ఒంటెలు హిందుస్థానీలకు వెళ్లాయి. గూర్జరులకు చక్రాలు విసిరే యోధులు, బెంగాలీలకు రథాలు, ద్రావిడులకు ఉరుమి ఖడ్గధారులు, తిరిసడై అనే భారీ నౌక దక్కాయి. కోటగోడలు కూల్చే యంత్రాల స్థానంలో ఏనుగులు వచ్చాయి. రాజేంద్ర చోళుడు, దేవపాలుడు, బాబరు కథానాయకులుగా మూడు యుద్ధగాథలు చేరాయి.

ద్రావిడుల ప్రత్యేక విద్యల్లో ఒకటి 'వూట్జ్ స్టీల్'. దాన్ని సాధిస్తే వాళ్ల కాల్బలం, అశ్వబలం కొట్టే దెబ్బలు శత్రువు కవచాన్ని లెక్కచేయవు. ఆ ఉక్కు ఆటకోసం పుట్టిన కల్పన కాదు. నేటి నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రం ఒకనాడు దాని తయారీకి పేరుపొందిన కేంద్రాల్లో ఒకటి, పర్షియా వర్తకులు దానికోసం వచ్చేవారు. అయితే లోటు ఇంకా ఉంది. ద్రావిడ యోధులు మాట్లాడేది తమిళం, వాళ్ల యుద్ధగాథ చోళులది. కాకతీయులకు, విజయనగరానికి ఆటలో సొంత నాగరికత లేదు. దక్షిణాది అంతటికీ ఒకే పేరు పెట్టడం, మొత్తం ఉపఖండానికి ఒకే పేరు పెట్టిన పాత పొరపాటునే కాస్త చిన్నది చేసి మిగిల్చింది.

కెనడాలోని రెలిక్ ఎంటర్‌టైన్‌మెంట్ తయారుచేసిన నాలుగో ఆట ఎనిమిది నాగరికతలతో మొదలైంది. ఇందులో నాగరికతల మధ్య తేడాలు చాలా ఎక్కువ. మంగోలులు భవనాలను విప్పి బండ్ల మీద వేసుకుని తరలిపోగలరు. ఢిల్లీ సుల్తానులకు పరిశోధనలన్నీ ఉచితం, కానీ నెమ్మదిగా సాగుతాయి, మసీదుల్లో పండితులను కూర్చోబెడితేనే వేగం పెరుగుతుంది. కొత్తదనం మెచ్చదగినదే అయినా ఒక్కో నాగరికతనూ మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాల్సిందే. 2023లో ది సుల్తాన్స్ అసెండ్ ఎక్స్‌పాన్షన్ బైజాంటైన్, జపాన్ జాతులను చేర్చింది.

అదే 2023లో రెండో ఆటకు రిటర్న్ ఆఫ్ రోమ్ వచ్చింది. దాంతో 1997 నాటి మొదటి ఆటే రెండో ఆటలో ఒక భాగంగా ఇమిడిపోయింది. ఈ వరుసలో కేంద్రం ఏదో చెప్పడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. అలాగని ప్రతి చేర్పూ మంచిదే కాదు. 2025 నాటి ది త్రీ కింగ్‌డమ్స్ మూడో శతాబ్దపు చైనా రాజ్యాలను, ఒక్కడే సైన్యానికి సమానమైన వీరులను మధ్యయుగపు ఆటలోకి తెచ్చి అభిమానుల్లో చాలామందిని నొప్పించింది. ఆ విమర్శ న్యాయమైనది. కాలం, సమతూకం రెండూ చెదిరితే రెండో ఆట బలమే పోతుంది.

కొత్తగా మొదలుపెట్టేవారు రెండో ఆట డెఫినిటివ్ ఎడిషన్‌తోనే మొదలుపెట్టాలి. ఆట మెళకువలు నేర్పే విలియం వాలెస్ యుద్ధగాథ, కాంకరర్స్‌లోని అట్టిలా, మాంటెజూమా గాథలు అందులోనే ఉన్నాయి. అవి పూర్తయ్యాక అదనంగా ఒకే ఎక్స్‌పాన్షన్ కొనదలిస్తే డైనాస్టీస్ ఆఫ్ ఇండియా కొనాలి.