పతనాన్ని నెమ్మదింపజేసిన కప్పీ

చేతిలోంచి వదిలిన రాయి మొదటి సెకనులోనే దాదాపు 4.9 మీటర్లు పడిపోతుంది. రెండో సెకను ముగిసేసరికి 19.6 మీటర్లు. గడియారం టిక్కులు వింటూ, కంటితో చూస్తూ ఇంత వేగాన్ని కొలవడం కుదిరే పని కాదు. అందుకే గెలీలియో వాలుబల్ల మీద గుండును దొర్లించాడు, పాత్రలోంచి కారిన నీటిని తూచి కాలాన్ని లెక్కగట్టాడు. అయితే గుండు కిందికి రావడమే కాక తన చుట్టూ తాను తిరుగుతుంది కూడా. ఆ తిరుగుడు లెక్క వేరు. న్యూటన్ ‘ప్రిన్సిపియా’ 1687లో వచ్చింది. అందులోని రెండో నియమాన్ని విద్యార్థుల కళ్లెదుట కొలిచి చూపగల పరికరం రావడానికి మరో తొంభై ఏళ్లకు పైగా పట్టింది.

దాన్ని రూపొందించినవాడు జార్జ్ అట్‌వుడ్. కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కాలేజీలో చదివి అక్కడే పాఠాలు చెప్పాడు. ప్రయోగాలు చేసి చూపే ఆయన ఉపన్యాసాలు విన్నవారిలో తర్వాత బ్రిటన్ ప్రధాని అయిన విలియం పిట్ కూడా ఉన్నాడు. యంత్రం సంగతి మొదట పరాయి చేతి మీదుగానే బయటికొచ్చింది: లండన్‌లో ఉంటున్న పోర్చుగీసు విద్వాంసుడు మజెల్లాన్ 1780లో ఇటలీలోని భౌతికశాస్త్రవేత్త వోల్టాకు దాని గురించి ఉత్తరం రాశాడు. అట్‌వుడ్ సొంత గ్రంథం 1784లో వెలువడింది.

పొడవాటి స్తంభం పైన ఒక చక్రం. దాని మీదుగా సన్నటి దారం. దారం రెండు కొసలకూ సమానమైన బరువులు. బావి గిలక మీద ఇటూ అటూ ఒకే బరువున్న చేదలు వేలాడినట్టే, ఏదీ దిగదు, ఏదీ లేవదు. ఇప్పుడు ఒక వైపు బరువు మీద చిన్న కడ్డీ పెడితే ఆ వైపు మెల్లగా దిగడం మొదలవుతుంది.

ఈ యంత్రంలోని అసలు గొప్పతనం ఇక్కడే ఉందని నా నమ్మకం. రెండు బరువులూ ఒకదాన్నొకటి రద్దు చేసుకున్నాయి, కానీ వాటి ద్రవ్యరాశులు రద్దు కాలేదు. లాగేది చిన్న కడ్డీ బరువొక్కటే, కదలాల్సింది మాత్రం మొత్తం సరంజామా. బరువు వేరు, ద్రవ్యరాశి వేరు అని పుస్తకం ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కని విషయాన్ని ఈ దారం ఒక్కసారిగా చూపిస్తుంది. కదిలే మొత్తం 64 పాళ్లు, అందులో కడ్డీ 1 పాలు అనుకుందాం. త్వరణం గురుత్వ త్వరణంలో 64వ వంతు. మొదటి సెకనులో దిగేది 3 అంగుళాలే. రెండు సెకన్లకు మొత్తం 12, మూడింటికి 27, నాలుగింటికి 48. దూరం కాలం వర్గాన్ని అనుసరించి పెరగడాన్ని స్కేలు మీద ఎవరైనా చదువుకోవచ్చు.

దారిలో ఒక వలయం కూడా ఉంటుంది. బరువు అందులోంచి దూరి పోతుంది, పొడవుగా ఉన్న కడ్డీ మాత్రం వలయం మీదే ఆగిపోతుంది. లాగేది లేదు కాబట్టి త్వరణం లేదు. అయినా బరువులు ఆగవు, సెకనుకింత అని ఒకే వేగంతో సాగిపోతాయి. న్యూటన్ మొదటి నియమానికి ఇంతకన్నా చక్కని ప్రదర్శన నాకు తెలియదు.

ఇంటర్ విద్యార్థికి ఈ యంత్రం పోటీ పరీక్షల లెక్కగా బాగా పరిచయం. 3 కిలోలు, 2 కిలోలు వేలాడుతుంటే త్వరణం 1.96 మీ/సె². దారంలో తన్యత 23.52 న్యూటన్లు: పెద్ద దిమ్మె బరువైన 29.4 కన్నా తక్కువ, చిన్నదాని 19.6 కన్నా ఎక్కువ. తన్యత దిమ్మె బరువుకు సమానమని రాసేసి మార్కులు పోగొట్టుకునేవాళ్లు ఈ మూడు అంకెలనూ ఒకసారి పక్కపక్కన పెట్టి చూడాలి.

ఆ లెక్కలో ‘ఘర్షణ లేని, ద్రవ్యరాశి లేని కప్పీ’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. అట్‌వుడ్‌కు ఆ వెసులుబాటు లేదు. ఘర్షణ తగ్గించడానికి ప్రధాన చక్రపు ఇరుసును గాడిలో కాక, ఒక్కో కొసన రెండేసి చొప్పున నాలుగు చిన్న చక్రాల అంచుల మీద నిలిపాడు. ఇరుసు రాసుకోదు, వాటిని తిప్పుతూ తిరుగుతుంది. చక్రాలను తిప్పడానికయ్యే జడత్వాన్ని మాత్రం తీసేయలేం. ఆయన దాన్ని కొలిచి, కదిలే ద్రవ్యరాశిలో కలిపి లెక్కగట్టాడు. భ్రమణ గతి పాఠానికి వచ్చాక మనమూ ఆ పనే చేస్తాం: కప్పీ ఏకరీతి బిళ్ల అయితే, దాని ద్రవ్యరాశిలో సగాన్ని త్వరణం సూత్రపు హారంలో కలుపుతాం.