పుట్టుకయే గుణమును నిర్ణయించునా?

“విత్తు ఒకటి వేసిన చెట్టు ఒకటి మొలచునా?” అను మాట మన గ్రామములలో తరచుగా వినబడును. తండ్రి కోపిష్ఠియైనచో కొడుకును కోపిష్ఠియే యగుననియు, ఫలానా కులము వారికి దొంగతనము పుట్టుకతో వచ్చిన విద్య యనియు అనువారు నేటికిని కలరు. ఊరిలో ఒక వస్తువు పోయినచో అనుమానము మొదట ఎవరి ఇంటివైపు మళ్లునో పంచాయతీ సభ్యులకు మేము చెప్పనక్కరలేదు. ఈ నమ్మకములో నిజమెంతయో సభ్యులు తెలిసికొనుట అవసరము. వారి మాటపై ఒక బాలుని భవిష్యత్తు ఆధారపడవచ్చును.

విత్తనపు విలువ నంద్యాల రైతులకు బాగుగ తెలియును. అచ్చట వ్యవసాయ పరిశోధనా కేంద్రము 1906 నుండియు ఉన్నది. జొన్న చల్లిన చేనిలో ప్రత్తి పండదు. అట్లే ఎంత మేలురకపు విత్తనమైనను సారములేని నేలలో, నీరులేక పంట నీయదు. మనుష్యుల సంగతియు ఇట్టిదే.

ప్రతి బిడ్డకును తల్లినుండి సగము, తండ్రినుండి సగము జన్యువులు సంక్రమించును. జన్యువులనగా శరీరము ఎట్లు పెరుగవలెనో తెలుపు ఆదేశములు. మెదడు, నరములు, గ్రంథులు వీనినిబట్టియే రూపొందును. ఒక శిశువు పుట్టుకనుండియే నెమ్మదిగ నుండుట, మరియొక శిశువు చురుకుగ నుండుట ఇందువలన కొంతవరకు కలుగును. కాని ఒక్కొక్క గుణమున వేలకొలది జన్యువులు కొద్దికొద్దిగ పాలుపంచుకొనును. దొంగతనమునకు ప్రత్యేకముగ ఒక జన్యువు లేదు.

కవలలపై సుమారు 50 సంవత్సరములు జరిగిన పరిశోధనలను కలిపి పరిశీలించిన సమీక్ష యొకటి 2015లో వెలువడినది. మనుష్యుల మధ్య కనబడు భేదములలో సగటున 49 శాతము జన్యువుల వలన కలుగునని అందు తేలినది. దీని యర్థము ఒక మనిషి నడవడిలో సగము పుట్టుకతోనే ఖాయమైనదని కాదు. ఒకే చేనిలోని మొక్కల భేదమునకు విత్తనము కారణము కావచ్చును; సారవంతమైన చేనికిని చవిటి చేనికిని గల భేదమునకు నేల కారణము. కావున ఈ లెక్కనుబట్టి ఒక కులమును మరియొక కులముతో పోల్చి తీర్పు చెప్పరాదు.

పుట్టుకతో వచ్చిన దోషమును సైతము కొన్నియెడల నివారింపవచ్చును. ఫినైల్‌కీటోన్యూరియా యను వ్యాధి తల్లిదండ్రులిద్దరి నుండియు వచ్చు జన్యులోపము వలన కలుగును. దానిని గుర్తింపనిచో బిడ్డ మెదడు చెడును. పుట్టిన కొలది దినములలోనే కనుగొని తగిన ఆహారనియమము పాటించినచో ఆ బిడ్డ చక్కగ ఎదిగి చదువుకొనగలుగును.

ఇక నేర్పు సంగతి చూతము. ఆళ్లగడ్డ శిల్పులు దేవతా విగ్రహములు చెక్కుటలో పేరొందినవారు. శిల్పి కొడుకు శిల్పి యగుట చూచి, ఆ విద్య రక్తములోనే ఉన్నదందుము. కాని ఆ బాలుడు ఉలి చప్పుడు వినుచు పెరిగి, తండ్రి చేతిని చూచి తన చేతిని దిద్దుకొనును. చేతి నిలకడ కొంత పుట్టుకతో రావచ్చును. విగ్రహపు కొలతలు మాత్రము నేర్చుకొనినగాని రావు.

ఈ భేదము గ్రహింపనందున మన దేశమున ఘోరమైన అన్యాయము జరిగినది. బ్రిటిషు ప్రభుత్వము 1871లో నేరస్థ జాతుల చట్టమును చేసెను. 1911 నాటి చట్టముతో అది మద్రాసు రాజధానికిని వర్తించెను. ఎరుకలు మొదలగు వారిని పుట్టుకతోనే నేరస్థులుగ నమోదు చేసి సెటిల్‌మెంట్లలో ఉంచిరి. 1913లో ఏర్పడిన స్టూవర్టుపురము అట్టిది. మన ఆత్మకూరు చెంతనున్న సిద్ధాపురమునను అట్టి సెటిల్‌మెంటు ఉండెను. ఎరుకలలో పలువురు పశువులపై ఉప్పు, ధాన్యము మోయించి ఊరూర అమ్ముకొని బ్రదికినవారు. రైళ్లు, రోడ్లు వచ్చిన పిమ్మట ఆ వర్తకము దెబ్బతినెను. వారికి పోయినది బ్రతుకుతెరువు. నింద మాత్రము వారి రక్తముపై పడెను. ఆ చట్టము 1952లో దేశమంతట రద్దయినది. చట్టము పోయినను ఆ నింద కొన్ని ఊళ్లలో ఇంకను మిగిలియున్నది.

దానిని తొలగించుట పంచాయతీ సభ్యుల చేతిలో ఉన్నది. తగవు వచ్చినపుడు సాక్ష్యమును చూడవలెనే గాని వంశమును చూడరాదు. అట్టి కుటుంబముల పిల్లలు అంగన్‌వాడీకి, బడికి క్రమముగ పోవుచున్నారో లేదో విచారింపవలెను. బడిలో ఎవరినైనను కులము పేర నిందించినచో వెంటనే వారింపవలెను. గర్భిణీ స్త్రీలకు పోషకాహారము అందునట్లు చూడవలెను. బిడ్డ మెదడు గర్భమునందే ఎదుగనారంభించును. మేనరికములవలన కొన్ని వంశపారంపర్య వ్యాధులు వచ్చు అవకాశము హెచ్చునని పెద్దలకు నచ్చజెప్పవలెను.

బిడ్డ ఏ యింట పుట్టవలెనో నిర్ణయించుట ఎవరి వశమును కాదు. పుట్టిన బిడ్డకు మంచి తిండి, చదువు, గౌరవము కల్పించుట మన వశము.