సంస్థలో వినియోగదారు అనుభవ రూపకల్పన సంస్కృతి

ఎర్రగుంట్లలో నాపరాళ్ళ పాలిష్ యంత్రాల దగ్గర ఏళ్ళ తరబడి పనిచేసిన వ్యక్తి చేతివేళ్ళను గమనించండి. రాతిపొడికి, నీళ్ళకు వేలిముద్రల గీతలు అరిగిపోయి ఉంటాయి. చౌకధరల దుకాణంలో ఆయన వేలు పెడితే యంత్రం గుర్తించకపోవచ్చు. లుంగీకి తుడుచుకొని మూడుసార్లు పెట్టినా పలకకపోతే ఆ నెల బియ్యం సంగతి సందేహంలో పడుతుంది. యంత్రం చెడిపోలేదు. అటువంటి వేళ్ళు కూడా ఉంటాయని తయారుచేసినవారు తలచి ఉండరు. యూజర్ ఎక్స్‌పీరియన్స్ డిజైన్, అనగా వినియోగదారు అనుభవ రూపకల్పన, ఇక్కడ మొదలవుతుంది. దీనిని తెర మీది రంగులకు, బొమ్మలకు పరిమితం చేయడం విద్యార్థులు తరచుగా చేసే పొరపాటు.

ఒక డిజైనరును నియమించినంత మాత్రాన సంస్థకు ఈ సంస్కృతి అబ్బదు. ఇంజనీరు, అమ్మకాల ఉద్యోగి, ఫిర్యాదులు తీసుకునే గుమాస్తా కూడా “దీన్ని వాడేదెవరు? ఎక్కడ తడబడతారు?” అని అడగడం అలవాటు కావాలి.

మైక్రోసాఫ్ట్ ఉదాహరణ చూడండి. హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ళ 2014 ఫిబ్రవరిలో దాని ముఖ్య కార్యనిర్వహణాధికారి అయ్యారు. ఆయన తండ్రి, ఐ.ఏ.ఎస్. అధికారి యుగంధర్‌ది మన సీమలోని అనంతపురం జిల్లా. మస్తిష్క పక్షవాతంతో పుట్టిన కుమారుని పెంపకం తనకు సహానుభూతి నేర్పిందని సత్య చెప్పుకున్నారు. అయితే నాయకుని మనసు మారితే చాలదు. 2016లో సౌలభ్య విభాగపు ముఖ్యాధికారిగా జెన్నీ లే-ఫ్లరీని నియమించారు. ఆమె స్వయంగా వినికిడి లోపం ఉన్నవారు. 2015లో ఉద్యోగుల హ్యాకథాన్‌లో రూపుదిద్దుకున్న ఒక ఆలోచన 2018లో ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్‌గా మార్కెట్లోకి వచ్చింది. చేతులు సరిగా ఆడనివారు కూడా ఆటలాడేందుకు దానిని తయారుచేశారు. అట్టపెట్టెను కూడా పళ్ళతో కొరికి చించనక్కరలేకుండా, లాగితే ఊడివచ్చే ఉచ్చులతో రూపొందించారు. పరికరం కంటే ఆ పెట్టె నాకు పెద్ద సాక్ష్యంగా కనిపిస్తుంది. ప్యాకింగు విభాగం దాకా ఆ ప్రశ్న చేరిందన్నమాట.

చిన్న సంస్థకు అంత పెట్టుబడి అక్కరలేదు. నెలకొకసారి ప్రోగ్రామర్లను ఫిర్యాదుల బల్ల దగ్గర కూర్చోబెట్టినా పని మొదలైనట్లే. అసలు చిక్కు బహుమానాల దగ్గర వస్తుంది. గడువులోగా పని ముగించినవారికే పదోన్నతి ఇస్తూ, వినియోగదారుని కలవడానికి ఒక రోజు అడిగినవారిని ఆలస్యానికి తప్పుపట్టే చోట ఎన్ని శిక్షణ తరగతులు పెట్టినా ఎవరూ ప్రశ్న అడగరు.

అభ్యాసం: మీ ఊరి మీసేవ కేంద్రంలో గానీ, ఏటీఎం దగ్గర గానీ అరగంట నిలబడండి. ఎవరు, ఏ మెట్టు దగ్గర ఆగి పక్కవారిని సాయమడిగారో రాసుకొని సంప్రదింపు తరగతికి తీసుకురండి.