కార్న్ హెడ్ (కంబైన్ హార్వెస్టర్)

కార్న్ హెడ్ అనునది మొక్కజొన్న పంటను కోయుటకు కంబైన్ హార్వెస్టరు ముందుభాగమున అమర్చు పరికరము. ఇది మొక్కనుండి కండెను విరిచి యంత్రములోనికి పంపును. చొప్పను చాలవరకు పొలములోనే వదలివేయును. అమెరికా సంయుక్త రాష్ట్రములలో 1950లలో వాడుకలోనికి వచ్చినది. కోత సమయమున యంత్రము వలన కలుగు గింజ నష్టములో అధికభాగము సాధారణముగా ఇక్కడనే జరుగును. కావున దీని సర్దుబాటు ముఖ్యమైనది.

నిర్మాణము, పనిచేయు విధానము

కార్న్ హెడ్‌లో ఒక్కొక్క సాలుకు ఒక్కొక్క విభాగము ఉండును. ముందున్న మొనతేలిన భాగములు సాళ్ళను విడదీసి, ఒరిగిన మొక్కలను పైకి లేపును. ఎదురెదురుగా తిరుగు రెండు రోలర్లు కాండమును క్రిందికి లాగును. రోలర్లపై రెండు డెక్ ప్లేట్లు కలవు. వాటి నడిమి సందులోనుండి కాండము దిగిపోవును. కండె లావుగా ఉండుటచే ప్లేట్లకు తగిలి విరుగును. విరిగిన కండెలను గొలుసులు వెనుకనున్న ఆగరునకు చేర్చును.

ముఖ్యమైన సర్దుబాట్లు

డెక్ ప్లేట్ల సందు: సాధారణముగా ముందు సుమారు 32 మి.మీ., వెనుక 35 మి.మీ. ఉంచెదరు. వెనుక కొంచెము వెడల్పుగా ఉన్నచో కాండములు ఇరుకుకొనవు. సందు మరీ ఎక్కువైనచో కండె మొదలు రోలర్లకు తగిలి గింజలు రాలును. మరీ తక్కువైనచో కాండములు విరిగి చొప్ప, ఆకులు లోనికి పోవును. జల్లెడలపై చెత్త పేరుకొని, గింజలు దానితోపాటు వెలుపలికి పోవును. వర్షాభావము వలన కండెలు సన్నబడిన చేలలో సందును తగ్గించవలెను.

రోలర్ల వేగము: ఇది యంత్రము నడిచే వేగమునకు సరిపోవలెను. రోలర్లు మరీ వేగముగా తిరిగినచో కండెలు ప్లేట్లకు గట్టిగా తగిలి ఎగిరి పడును. మరీ నెమ్మదిగా తిరిగినచో మొక్కలు ముందుకు త్రోయబడును, లేదా వేళ్ళతో పెకలింపబడును.

సాళ్ళ దూరము: హెడ్ విభాగముల మధ్య దూరము, పొలములోని సాళ్ళ దూరము ఒకటిగా ఉండవలెను. అమెరికాలో 76 సెం.మీ. సర్వసాధారణము. ఆ కొలత గల హెడ్ 60 సెం.మీ. సాళ్ళలో విత్తిన తెలుగు రాష్ట్రముల చేలకు సరిపడదు.

నష్టమును లెక్కించుట

కోసిన ఒక సెంటు (ఎకరములో నూరవ వంతు) నేలలో సుమారు 340 గ్రాముల కండె ఒకటి మిగిలినచో, ఎకరాకు సుమారు 25 కిలోల గింజ నష్టమైనట్లు. చదరపు మీటరుకు సుమారు 21 గింజలు రాలినను నష్టము అంతే. కోతకు ముందే రాలిన కండెలను ఈ లెక్కనుండి తీసివేయవలెను. గింజల నష్టము హెడ్ వద్దనే జరిగినదా అని తెలిసికొనుటకు యంత్రమును ఆపి, కొంత వెనుకకు నడిపి, హెడ్ దాటిన నేలలో మాత్రమే లెక్కించవలెను. యంత్రము వెనుకనుండి పడిన గింజలు అక్కడ కలియవు.

భద్రత

రోలర్లు కాండమును పట్టుకొన్నచో, దానిని పట్టుకొన్న మనిషి చేయి వదలులోపుననే లోనికి లాగివేయును. ఇట్లు చేతులు కోల్పోయిన రైతులు ఉన్నారు. కావున ఇరుకుకొన్న చొప్పను తీయుటకు, సందును సరిచేయుటకు ముందు ఇంజనును ఆపి, తాళంచెవి తీసి, అన్ని భాగములు పూర్తిగా నిలిచినవని చూచుకొనవలెను. హెడ్‌ను పైకెత్తి క్రింద పనిచేయునపుడు అది జారకుండ భద్రతా ఆధారమును తప్పక పెట్టవలెను.